దిక్కులేని లెటర్‌బాక్సుల క్లూలను కాపాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

లెటర్‌బాక్సింగ్‌లో చాలాసార్లు పెట్టె కన్నా క్లూయే ముందు పోతుంది. డబ్బా బండ కింద ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని దారి చెప్పిన పేజీ మాత్రం ఒకరోజు ఉన్నట్టుండి తెరుచుకోదు. అలాంటి క్లూలను సేకరించి దాచేవాళ్లు పదే పదే అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులిచ్చాం. పని సాగే వరసలోనే ప్రశ్నలున్నాయి కానీ, ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

లెటర్‌బాక్సింగ్ అంటే ఏంటి? క్లూ పోతే అంత నష్టమేంటి?

నీళ్లు దూరని చిన్న డబ్బాలో ఒక రబ్బరు స్టాంపు, ఒక లాగ్‌బుక్ పెట్టి ఆరుబయట దాస్తారు. దాచినవారు అక్కడికి దారి చెబుతూ క్లూ రాస్తారు. పట్టుకున్నవారు తమ స్టాంపును డబ్బాలోని లాగ్‌బుక్‌లో వేసి, డబ్బాలోని స్టాంపును తమ పుస్తకంలో వేసుకుని, ఎక్కడి డబ్బాను అక్కడే దాచి వస్తారు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు, క్రాన్‌మియర్ పూల్ దగ్గర సందర్శకుల కార్డుల కోసం ఒక సీసా ఉంచడంతో ఈ సరదా మొదలైందని చెబుతారు. అమెరికాలో 1998లో స్మిత్సోనియన్ పత్రికలో వ్యాసం వచ్చాక ఊపందుకుంది. ఇలాగే దాచిన డబ్బాలను వెతికే మరో ఆట జియోకాషింగ్‌లో జీపీఎస్ అంకెలుంటాయి కాబట్టి వివరణ పోయినా స్థలం మిగులుతుంది. లెటర్‌బాక్సుకు చాలాసార్లు ఆ అంకెలే ఉండవు. క్లూ పోతే పెట్టె ఉన్నా లేనట్టే.

పెట్టె పెట్టినావిడ కొన్నేళ్లుగా జాడ లేదు. ఆ పెట్టెను వదిలేసినట్టు లెక్కేసుకోవచ్చా?

ఊరికే మౌనంగా ఉన్నంత మాత్రాన వదిలేసినట్టు కాదు. కొందరు క్లూలు పెట్టే సైటులోకి రాకపోయినా ఏడాదికోసారి వెళ్లి తమ డబ్బాలు చూసుకుని వస్తారు. నాలుగు విషయాలు కలిపి చూడండి: ఆమె ఖాతాలోకి చివరిసారి ఎప్పుడు వచ్చారు, పెట్టె చివరిసారి ఎవరికి ఎప్పుడు దొరికింది, లాగ్‌బుక్ తడిసిందనో డబ్బా పగిలిందనో వచ్చిన ఫిర్యాదులకు స్పందన ఉందా, ఆమె పెట్టిన మిగతా పెట్టెల పరిస్థితి ఏంటి. ఆ తర్వాత ఒక సందేశం పంపండి, నెల రెండు నెలలు ఆగి మరొకటి పంపండి. రెండింటికీ జవాబు రాకపోతే 'వదిలేసినట్టుంది' అని రాసుకుని, సందేశాలు పంపిన తేదీలు పక్కన వేయండి. 'వదిలేసింది' అని తేల్చి రాయకండి. ఆ మాట అనగలిగేది ఆమె ఒక్కరే.

రిటైర్ చేసిన పెట్టె, వదిలేసిన పెట్టె ఒకటేనా?

కాదు. రిటైర్ అంటే పెట్టినవారే డబ్బాను తీసేసి, ఆ మాట ప్రకటించారు. అలాంటి క్లూను చరిత్ర కోసం దాచుకోవచ్చు కానీ, దాన్ని పట్టుకుని ఎవరూ వెతకనక్కర్లేదు. వదిలేసిన పెట్టె ఇంకా అక్కడే ఉండవచ్చు.

పెట్టె పోయిందని అందరూ అంటున్నారు. ఇంకా ఆ క్లూ దేనికి?

'పోయింది' అన్న మాట తప్పయ్యే సందర్భాలు తక్కువేం కాదు. క్లూను తప్పుగా చదివినవాళ్లు, ఆకులు గుబురుగా ఉన్న కాలంలో వెళ్లినవాళ్లు, పక్క బండ కింద వెతికినవాళ్లు కూడా అదే మాట రాస్తారు. జంతువులు లాగడం వల్లో, వాననీటి ప్రవాహం వల్లో డబ్బా కొన్ని మీటర్లు కదిలిపోవడమూ మామూలే.

ఇంకో కారణం సిరీస్‌లు. మొదటి పెట్టె మూత లోపలో, లాగ్‌బుక్ చివరి పేజీలోనో తర్వాతి పెట్టె క్లూ ఉంటుంది. మధ్యలో ఒకటి పోతే దాని తర్వాతివన్నీ భద్రంగా ఉన్నా ఎవరూ చేరుకోలేరు. ఒకప్పుడు ఆ మధ్య పెట్టెను చూసినవారి నోటుపుస్తకంలో ఆ రెండు వాక్యాలు దొరికితే సిరీస్ మొత్తం మళ్లీ తెరుచుకుంటుంది. ఈ పనిలో ఎక్కువ ఫలితం దక్కేది ఇక్కడే. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియకపోతే తెగిపోయిన సిరీస్‌లతో మొదలుపెట్టండి.

వేరేవాళ్లు రాసిన క్లూను నేను కాపీ చేసుకుంటే తప్పవుతుందా?

మీ దగ్గర మీరు దాచుకోవడానికి, అందరూ చూసేలా మళ్లీ ప్రచురించడానికి తేడా ఉంది. క్లూ కూడా ఒక రచనే. పెట్టెను పట్టించుకోకపోయినంత మాత్రాన రచన మీద హక్కు పోదు. రచయిత పేరు తెలిసిన రచనలకు బ్రిటన్, అమెరికాల్లో సాధారణంగా ఆయన మరణించాక 70 ఏళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. అయితే హక్కు ఉండేది రాసిన తీరు మీదే, 'ఫలానా వంతెన పక్కన పెట్టె ఉంది' అన్న సమాచారం మీద కాదు. అందుకని పూర్తి పాఠాన్ని మీ సేకరణలో ఉంచుకుని, బయటికి పెట్టేచోట పెట్టె పేరు, ప్రాంతం, పెట్టినవారి ట్రెయిల్ పేరు (ఈ ఆటలో వాడుకునే మారుపేరు), పరిస్థితి మాత్రం ఇవ్వండి. పాఠం కావాలని అడిగినవారికి విడిగా చూపించవచ్చు. అనుమతి దొరికితే ఈ తంటాలేవీ ఉండవు. అందుకే అడగగలిగినంత కాలం అడగాలి.

## క్లూను సేకరించేటప్పుడు

క్లూ పాఠం ఒక్కటీ ఉంటే చాలదా? ఇంకేం రాసుకోవాలి?

తేదీ లేని క్లూ సగం క్లూయే. ప్రతి క్లూకూ ఇవి ఉండేలా చూసుకోండి:

- పెట్టె పేరు, సిరీస్ అయితే దాని పేరు, అందులో ఎన్నోది
- పెట్టినవారి ట్రెయిల్ పేరు (అసలు పేరు తెలిసినా రాయవద్దు)
- పెట్టె పెట్టిన తేదీ, క్లూ చివరిసారి మార్చిన తేదీ, మీరు కాపీ చేసిన తేదీ
- ఎక్కడి నుంచి తీసుకున్నారు: పేజీ చిరునామా, ముద్రిత కేటలాగ్ అయితే సంచిక, పేజీ
- చివరిసారి దొరికిన తేదీ, చివరిసారి 'దొరకలేదు' అన్న తేదీ
- పరిస్థితి, అది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు

వీటిలో చాలామంది వదిలేసేది క్లూ మార్చిన తేదీ. ఒకే పెట్టెకు రెండు మూడు రకాల క్లూలు ఉండటం మామూలే. చెట్టు కూలాకనో, డబ్బాను పక్కకు జరిపాకనో కొత్తది రాస్తారు. పాతదాన్ని చెరిపేసి కొత్తది మాత్రమే ఉంచితే, పెట్టెను జరిపిన సంగతి ఎవరికీ తెలియదు. రెండూ ఉంచండి, తేదీలతో.

స్క్రీన్‌షాట్ తీసుకుంటే సరిపోతుంది కదా?

ఒక్కదానితో సరిపోదు. స్క్రీన్‌షాట్‌లో మాటలు వెతకలేరు, పొడవాటి పేజీ కింది భాగం తెగిపోతుంది, అన్నింటికన్నా ముఖ్యంగా కంటికి కనిపించనిదేదీ అందులోకి రాదు. క్లూ రాసేవాళ్లు తెల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు దాస్తారు. మౌస్ పెడితేనే కనిపించే మాటలు, బొమ్మ ఫైలు పేరులో దాచిన సంకేతం, పేజీ సోర్సులో రాసిన వ్యాఖ్య, ఇవన్నీ వాడుకలో ఉన్న ఎత్తులే.

మూడు రూపాల్లో దాచండి. బ్రౌజరులో 'పూర్తి వెబ్‌పేజీ'గా సేవ్ చేసిన కాపీ ఒకటి, పాఠం మాత్రమే ఉన్న సాదా టెక్స్ట్ ఫైలు ఒకటి, చూపుకు ఎలా ఉందో తెలియడానికి పీడీఎఫ్ లేదా స్క్రీన్‌షాట్ ఒకటి. బొమ్మలను విడిగా, అసలు ఫైలు పేర్లతోనే దించుకోండి.

క్లూ నిండా అక్షర దోషాలున్నాయి. సరిదిద్ది దాచవచ్చా?

వద్దు. ఆ తప్పులే క్లూ కావచ్చు. తప్పుగా రాసిన అక్షరాలన్నీ వరసగా పేరిస్తే ఒక మాట వస్తుంది. వాక్యాల మొదటి అక్షరాలు కలిపితే ఊరి పేరు వస్తుంది. ఒక పేరా మాత్రం కారణం లేకుండా పొట్టిగా ఉంటే అందులో మాటల లెక్క అంగల లెక్క కావచ్చు. అందుకని లైను ఎక్కడ విరిగిందో అక్కడే విరగాలి. పెద్ద అక్షరాలు, ఖాళీలు, రంగులు, బోల్డు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. మీకు తోచిన సవరణ, అనుమానం, వివరణ ఏదున్నా వేరే ఫైలులో తేదీ వేసి రాయండి. మూలపాఠం ఉన్న ఫైలును 'చదవడానికి మాత్రమే' అని సెట్ చేసి పెట్టేస్తే చేయి జారే ప్రమాదమూ ఉండదు.

వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషిన్‌లో సేవ్ చేశాను. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

తెరిచి చూసుకున్నాక ఉండండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి 'సేవ్ పేజ్ నౌ'లో చిరునామా ఇస్తే ఆ పేజీ నకలు చేరుతుంది. కానీ లాగిన్ అయితేనే కనిపించే క్లూ అందులోకి రాదు, దాని బదులు లాగిన్ పేజీ చేరుతుంది. అట్లాస్ క్వెస్ట్ వంటి లెటర్‌బాక్సింగ్ సైట్లలో కొన్ని క్లూలు సభ్యులకే, లేదా ఇన్ని పెట్టెలు పట్టినవారికే కనిపించేలా పెట్టి ఉంటారు. వాటిని బయటి ఆర్కైవ్ పట్టుకోలేదు, పట్టుకోవాలని చూడటం కూడా మర్యాద కాదు. స్క్రిప్టుతో తెరుచుకునే పేజీల్లో చట్రం మాత్రం చేరి పాఠం ఖాళీగా ఉంటుంది. సేవ్ అయ్యాక ఆ నకలును వేరే బ్రౌజరులో తెరిచి, చివరి వాక్యం దాకా ఉందా, బొమ్మలు వస్తున్నాయా చూడండి.

సైటే మూతపడింది. పాత క్లూలు ఇంకెక్కడైనా దొరుకుతాయా?

ముందు ఆ పేజీ పాత చిరునామా కావాలి. పేరుతో వెతికితే ఆర్కైవులు చాలాసార్లు ఏమీ చూపించవు. పాత ప్రింటవుట్ల అడుగున, ఇతర పేజీల్లోని లింకుల్లో, ఎవరిదైనా బ్రౌజరు బుక్‌మార్కుల్లో చిరునామా దొరకవచ్చు. దొరికాక వేబ్యాక్ మెషిన్‌లో దాన్ని ఇచ్చి, చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ చిరునామాతో మొదలయ్యే నకళ్లన్నీ జాబితాగా వస్తాయి. తొలినాళ్ల క్లూలు కొన్ని జియోసిటీస్ వంటి ఉచిత సైట్లలో ఉండేవి. దాని అమెరికా సేవ 2009లో మూతపడినా, మూసేముందు చాలా భాగాన్ని ఆర్కైవ్ చేశారు కాబట్టి అక్కడ వెతకడం దండగ కాదు.

ఆ తర్వాత మనుషులు. క్లూను ప్రింటు తీసి జేబులో పెట్టుకుని వెళ్లే అలవాటు ఈ సరదాలో బలంగా ఉండేది. అదే ప్రాంతంలో అదే కాలంలో తిరిగినవారి లాగ్‌బుక్కుల్లో మడతపెట్టిన క్లూ కాగితాలు ఇప్పటికీ ఉంటాయి. డార్ట్‌మూర్ విషయంలో నూరు పెట్టెలు పట్టినవారికి సభ్యత్వమిచ్చే 'హండ్రెడ్ క్లబ్' ఉంది, ముద్రిత క్లూ కేటలాగులు ఉండేవి. పాత సంచిక ఒకటి చేతికొస్తే ఎన్నో పెట్టెల ఆచూకీ ఒక్కసారిగా దొరుకుతుంది.

కాగితాల మీద ఉన్న క్లూలను ఎలా దాచాలి?

ముందు స్కాన్ చేయండి: ముద్రిత కాగితాన్ని 300 డీపీఐలో, పెన్సిలు రాతను, చేతి గీతల మ్యాపును 600 డీపీఐలో, రంగుల్లోనే. నలుపు తెలుపులో స్కాన్ చేస్తే చెరిపిన గుర్తులు, రెండో సిరాతో రాసిన దిద్దుబాట్లు కలిసిపోతాయి. వెనక వైపు మరిచిపోకండి, ఎవరో వేసిన అంగల లెక్క అక్కడే ఉంటుంది. థర్మల్ కాగితం మీద ముద్రించినవి వేడికి, వెలుతురుకు మాసిపోతాయి కాబట్టి వాటిని అన్నిటికన్నా ముందు స్కాన్ చేయండి. ఇంక్‌జెట్ ప్రింట్లకు తడి తగలనివ్వకండి.

లామినేషన్ చేయించకండి. వేడి పడుతుంది, మళ్లీ విప్పడం కుదరదు. సెలోటేపు కూడా కొన్నేళ్లకు పసుపెక్కి కాగితానికి మరక పెడుతుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లో పెట్టి, చీకటిగా, పొడిగా ఉండేచోట ఉంచితే చాలు.

నోటిమాటగా విన్న క్లూను రాసిపెట్టవచ్చా?

రాసిపెట్టండి, బయటపెట్టకండి. కొన్ని పెట్టెలకు క్లూ ఎప్పుడూ ప్రచురించరు. ఒకరి నుంచి ఒకరికి మాటగా అందడమే వాటి పద్ధతి. ఎవరి నుంచి విన్నారో వారి ట్రెయిల్ పేరు, తేదీ, వారు వాడిన మాటలు యథాతథంగా రాసి, పైన 'ప్రచురణకు కాదు' అని వేయండి.

## పాత క్లూను చదివేటప్పుడు

క్లూలో చెప్పిన డిగ్రీల ప్రకారమే వెళ్లాను. ఏమీ లేదు. ఎందుకు?

దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం ఏళ్ల తరబడి జరుగుతూ ఉంటుంది. అందుకే క్లూ రాసిన సంవత్సరం తెలియాలి. డార్ట్‌మూర్‌నే తీసుకుంటే, 1980 ప్రాంతంలో అయస్కాంత ఉత్తరం నిజ ఉత్తరానికి పడమరగా సుమారు 8 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు సున్నాకు దగ్గరగా వచ్చింది. అంటే అప్పట్లో 90 డిగ్రీలని రాసిన దిశను ఈనాటి దిక్సూచి సుమారు 82 అని చూపిస్తుంది. 100 మీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తేడా 1.75 మీటర్లు. 8 డిగ్రీలైతే దాదాపు 14 మీటర్లు. బండలు పరుచుకున్న వాలులో 14 మీటర్లంటే ఇంకో గుట్టే.

లెక్క ఇలా వేయాలి. తూర్పు వైపు తేడాను ప్లస్‌గా, పడమర తేడాను మైనస్‌గా తీసుకోండి. క్లూలోని కోణానికి ఆనాటి తేడాను కలిపి, ఈనాటి తేడాను తీసేయండి. పాత సంవత్సరాల విలువలు అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఓఏఏ నడిపే కాలిక్యులేటరులో దొరుకుతాయి. స్థలం, తేదీ ఇస్తే చాలు.

ఈ సవరణ ప్రతి క్లూకూ పనికిరాదు. కొందరు దిక్సూచిలో ముందే తేడా సరిచేసుకుని నిజ ఉత్తరంతో కొలుస్తారు, కొందరు గ్రిడ్ ఉత్తరంతో, అంటే మ్యాపు మీది నిలువు గీతలు చూపే ఉత్తరంతో, కొలుస్తారు. ఏది వాడారో తెలుసుకునే ఉపాయం క్లూలోనే ఉంటుంది. మ్యాపులో గుర్తించగల రెండు గుర్తుల మధ్య కోణం ఏదైనా ఇచ్చారేమో చూడండి. ఆ కోణాన్ని మ్యాపు మీద కొలిచి, క్లూలోని అంకెతో పోల్చండి. తేడా ఆ సంవత్సరపు అయస్కాంత తేడాకు సమానంగా వస్తే అయస్కాంత ఉత్తరం వాడారు. తేడా రాకపోతే అంకెలను ముట్టుకోకండి.

ఇరవై అంగలు అన్నారు. ఎవరి అంగలు?

పెట్టినవారివి. అసలు చిక్కు మాత్రం వేరే ఉంది: కొందరు ప్రతి కాలు పడినప్పుడల్లా ఒకటి లెక్కపెడతారు, కొందరు ఒకే కాలు మళ్లీ నేల తాకినప్పుడు ఒకటి లెక్కపెడతారు. మొదటి పద్ధతిలో ఇరవై అంటే సుమారు 15 మీటర్లు, రెండో పద్ధతిలో సుమారు 30. అదే మనిషి రాసిన, ఇప్పటికీ దొరుకుతున్న వేరే పెట్టె దగ్గరికి వెళ్లి క్లూలోని అంగలను టేపుతో కొలవండి. వచ్చిన సంఖ్యను ఆ ట్రెయిల్ పేరు పక్కన రాసిపెట్టుకుంటే, ఆ మనిషి క్లూలన్నిటికీ పనికొస్తుంది.

'రెండు కొమ్మల ఓక్ చెట్టు' అన్నారు. అక్కడ చెట్టే లేదు.

ముందు క్లూ రాసిన కాలం నాటి ఫొటో వెతకండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలను సంవత్సరం వారీగా చూడవచ్చు. చెట్టు కొమ్మ కనిపించకపోయినా అది ఉన్న చోటు, పాత బాట వంపు, కంచె గీత తెలుస్తాయి. నేల మీద మొద్దు కోసం, కూలిన మాను కోసం, వేళ్లు లేచిన గుంట కోసం చూడండి.

క్లూను వెనక నుంచి చదవడం కూడా మంచి పద్ధతి. చివరి వాక్యం తరచుగా కదలని వస్తువు గురించే ఉంటుంది: బండ చీలిక, రాతి గోడ మూల, వంతెన కాలు. అక్కడికి చేరే బాట చెడిపోయినా ఆ వస్తువు ఉంటుంది. పోయిన గుర్తుల స్థానంలో మీరు కనుక్కున్న కొత్త గుర్తులను విడి వ్యాఖ్యగా తేదీతో రాయండి.

గ్రిడ్ అంకెలున్నాయి, అయినా వంద మీటర్ల తేడా వస్తోంది.

రెండు కారణాలుంటాయి. ఒకటి, అంకెల సూక్ష్మత. బ్రిటన్ ఆర్డ్‌నెన్స్ సర్వే గ్రిడ్‌లో ఆరంకెల సూచన 100 మీటర్ల చదరాన్ని చెబుతుంది, ఎనిమిదంకెలది 10 మీటర్లది, పదంకెలది ఒక మీటరుది. ఆరంకెల సూచనను పట్టుకుని ఒక బిందువు దగ్గర నిలబడితే పెట్టె ఎటైనా ఉండవచ్చు. రెండోది డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టడానికి మ్యాపు వాడే ఆధారం. పాత మ్యాపు నుంచి తీసిన అక్షాంశ రేఖాంశాలను ఇప్పటి ఫోనులో నేరుగా వేస్తే, ఫోను డబ్ల్యూజీఎస్84 లెక్కలో చదువుతుంది. పాత బ్రిటిష్ డేటమ్‌తో తేడా వంద మీటర్ల దాకా వస్తుంది. పాత అమెరికా మ్యాపుల ఎన్‌ఏడీ27తోనూ ప్రాంతాన్ని బట్టి అలాంటి తేడాయే ఉంటుంది. అంకెలు ఏ మ్యాపువో తెలుసుకుని మార్చాలి. అసలు అంకెలను చెరపకుండా, మార్చినవి పక్కన రాయాలి.

గూఢలిపి క్లూను విప్పాను. జవాబు కూడా దాచాలా?

దాచండి, కానీ క్లూతో కలపకండి. విప్పడమే ఆ పెట్టెలోని అసలు ఆట. జవాబు పక్కనే కనిపిస్తే తర్వాతివారికి ఏమీ మిగలదు. వేరే ఫైలులో పెట్టి, విప్పిన పద్ధతిని అంచెలంచెలుగా రాయండి. మొదటి అంచెను చిన్న సాయంగా ఇవ్వవచ్చు. జవాబు నిజమైందో కాదో, అంటే దానితో పెట్టె దొరికిందో లేదో, తప్పకుండా రాయాలి.

## పెట్టె దగ్గర

పాత క్లూ చెప్పిన దారిలోనే వెళ్లవచ్చా?

ఇప్పటి మ్యాపు, ఇప్పటి నిబంధనలు చూడకుండా వెళ్లవద్దు. బాటలు మూసేస్తారు, భూమి చేతులు మారుతుంది. డార్ట్‌మూర్‌లో ఓక్‌హాంప్టన్, మెరివేల్, విల్స్‌వర్తీ సైనిక కాల్పుల ప్రాంతాలున్నాయి. కాల్పుల వేళలు ముందే ప్రకటిస్తారు, ఎర్ర జెండాలు ఎగురుతుంటే లోపలికి వెళ్లకూడదు.

పెట్టె దొరికింది. ఎవరూ చూసుకోవడం లేదు కాబట్టి ఇంటికి తెచ్చేయనా?

తేవద్దు. వదిలేసినట్టుంది అన్నది మీ అంచనా. అది ఎవరి సొత్తో మాత్రం మారలేదు. డబ్బా, స్టాంపు, లాగ్‌బుక్ పేజీలు, దాచిన చోటు ఫొటోలు తీసి, చినిగిన ప్లాస్టిక్ సంచి మార్చి, పైన కప్పిన రాళ్లు ఆకులు ఎలా ఉన్నాయో అలాగే పెట్టి రండి. ఎక్కువ మంచిచోటు అనిపించినా జరపకండి. జరిపిన క్షణాన పాత క్లూ అబద్ధమైపోతుంది.

తీసుకురావాల్సిన సందర్భాలు కొన్నే: భూమి యజమాని తీసేయమన్నప్పుడు, అక్కడ నిర్మాణం మొదలైనప్పుడు, డబ్బా పగిలి చెత్తగా మారినప్పుడు, పెట్టకూడని చోట పెట్టినప్పుడు. డార్ట్‌మూర్‌లో పురాతన కట్టడాల్లో పెట్టెలు పెట్టకూడదు. అమెరికా నేషనల్ పార్కుల్లో వస్తువులను 24 గంటలకు మించి వదిలి వెళ్లడం, ప్రత్యేకంగా అనుమతించిన చోట్ల తప్ప, నిషేధం. తెచ్చినప్పుడు పెట్టినవారికి సందేశం పంపి, స్టాంపును వారి కోసం దాచండి. చేత్తో చెక్కిన స్టాంపులు చాలావరకు ఎరేజరు తరహా మెత్తటి పదార్థంతో చేసినవి. ప్లాస్టిక్ డబ్బాకు ఆనించి ఏళ్ల తరబడి ఉంచితే అంటుకుపోయి గీతలు చెడతాయి. కాగితంలో చుట్టి, వేడి తగలనిచోట పెట్టండి.

లాగ్‌బుక్ తడిసి ముద్దయింది. పేజీలు విడదీయనా?

తడిగా ఉన్నప్పుడు లాగితే చిరుగుతాయి, స్టాంపుల సిరా ఎదుటి పేజీకి అంటుతుంది. కాస్త తడి అయితే పుస్తకాన్ని విసనకర్రలా తెరిచి నిలబెట్టి, ప్రతి పది పేజీలకు ఒక పీల్చే కాగితం పెట్టి, గాలి ఆడేచోట ఆరనివ్వండి. కాగితాలు నానగానే మార్చండి. ఎండలో, హెయిర్ డ్రయ్యరుతో, ఓవెనులో వద్దు. ముద్దగా తడిస్తే, రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. అంతలోగా ఆరబెట్టలేకపోతే జిప్ సంచిలో పెట్టి డీప్ ఫ్రీజరులో ఉంచండి. గడ్డకట్టాక బూజు ఆగిపోతుంది, తీరిక దొరికినప్పుడు తీసి ఆరబెట్టవచ్చు. పుస్తకం బయటికి తెస్తే దాని స్థానంలో కొత్తది పెట్టి, పాతది ఎవరి దగ్గర ఉందో మొదటి పేజీలో మీ ట్రెయిల్ పేరుతో రాయండి.

ఎన్నిసార్లు వెతికాక 'పోయింది' అని రాయాలి?

సంఖ్యకన్నా వెతికినవారెవరన్నది ముఖ్యం. అనుభవమున్న ముగ్గురు, వేర్వేరు కాలాల్లో వెతకాలి. వారిలో ఒకరు గతంలో అదే పెట్టెను చూసినవారైతే మాట ఖాయం. ఒంటరిగా ఒక్కసారి వెళ్లి దొరకకపోతే 'దొరకలేదు' అని మాత్రమే రాయండి. ఎంతసేపు, ఎంత మేర, ఏ ఋతువులో వెతికారో కూడా రాయాలి.

పాత పెట్టె పోయింది. అదే క్లూకు నేను కొత్తది పెట్టవచ్చా?

పెట్టినవారు ఒప్పుకుంటేనే. జవాబు లేకపోతే పాత పేరు, పాత స్టాంపు బొమ్మ వాడకుండా కొత్త పేరుతో, కొత్త స్టాంపుతో, మీ సొంత క్లూతో పెట్టండి. భూమి యజమాని అనుమతి ఎలాగూ కావాలి. పాత స్టాంపును అచ్చం అలాగే చెక్కి పెడితే, దాన్ని వేసుకున్నవారు అసలుదనుకుంటారు. అప్పటి నుంచి సేకరణల్లో రెండూ కలగలిసిపోతాయి.

## దాచడం, పంచడం

ఫైళ్లకు ఏ పేర్లు పెట్టాలి? ఏ రూపంలో ఉంచాలి?

పాఠానికి యూటీఎఫ్-8 సాదా టెక్స్ట్. పేజీకి సేవ్ చేసిన వెబ్ కాపీ లేదా వార్క్ (వెబ్ ఆర్కైవులు వాడే రూపం) ఫైలు. స్కాన్‌లకు టిఫ్ లేదా పీడీఎఫ్/ఏ. ఒకే యాప్‌లో మాత్రమే తెరుచుకునే రూపాలు వద్దు. ఫైలు పేరులో ప్రాంతం, పెట్టె పేరు, కాపీ చేసిన తేదీ ఉండాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో పేరుకుంటాయి. 'చివరిది', 'అసలు చివరిది' వంటి పేర్లు పెట్టారంటే మరుసటి ఏడాదికి ఏది ఏదో మీకే తెలియదు.

మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలులో ఏం మారినా తానూ మారిపోయే గుర్తింపు సంకేతం) తీసి ఒక జాబితాలో పెట్టుకుని, ఏడాదికోసారి సరిచూడండి. గూఢలిపి క్లూలో ఒక్క అక్షరం మారినా ఎవరూ గమనించరు, విప్పడం మాత్రం అసాధ్యమవుతుంది.

స్టాంపు ముద్రల ఫొటోలు అందరికీ చూపించవచ్చా?

పెట్టె ఉన్నట్టయితే, ఉండే అవకాశమున్నా సరే, వద్దు. ముద్ర చూడటం వెతికినవారికి దక్కే బహుమతి. లాగ్‌బుక్ పేజీల ఫొటోలు కూడా అంతే. పైగా వాటిలో పిల్లల పేర్లు, ఊళ్లు ఉంటాయి. సేకరణ కోసం ముద్ర వేసుకోవాలంటే పిగ్మెంట్ సిరాతో, ఆమ్లం లేని కాగితం మీద వేసి మీ దగ్గరే ఉంచండి.

పెట్టినవారు తిరిగొచ్చి, క్లూ తీసేయమన్నారు. ఏం చేయాలి?

తీసేయండి, కారణం అడగకండి. పెట్టె పేరు, ప్రాంతం, 'పెట్టినవారి కోరికపై తీసేశాం' అన్న మాట, తేదీ మాత్రం ఉంచవచ్చా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. కొందరు తమ దగ్గర కూడా లేని పాత క్లూల కాపీలు ఇమ్మని అడుగుతారు, అడగకపోయినా ఇవ్వండి.

నేను ఈ పని ఆపేస్తే నా సేకరణ ఏమవుతుంది?

ఇప్పుడే ఒకరిని ఎంచుకుని, ఫోల్డరు మొత్తం కాపీ వారికివ్వండి. పాస్‌వర్డు ఉన్న ఫైళ్లకు దాన్ని కవర్లో పెట్టి ఇవ్వండి. ఫోల్డరు పైనే ఒక వివరణ ఫైలు ఉండాలి: పేర్లు ఎలా పెట్టారు, 'వదిలేసినట్టుంది' అని దేన్నిబట్టి రాశారు, ఏవి ప్రచురణకు కావు, చెక్‌సమ్‌లు చివరిగా ఎప్పుడు సరిచూశారు. ఒక్క పేజీ మించనక్కర్లేదు. ఆ ఫైలును మీ గురించి, లెటర్‌బాక్సింగ్ గురించి ఏమీ తెలియని మనిషికి ఇచ్చి, ఏదో ఒక పెట్టె తాజా క్లూను వెతికి తీయమనండి. తీయలేకపోతే వివరణను తిరగరాయండి.